నాన్న నడక, గుండె లెక్క: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి అయ్యాక

ఈ ఏడాది చేతిపని ఇది: వ్యాయామం చేసేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపించి, రాసి పెట్టుకుని, గీత దాటితే కూత పెట్టే ఒక చిన్న పెట్టె. బజార్లో ఇన్ని వాచీలుండగా ఇదెందుకని తమ్ముడు అడిగాడు. వాచీ లోపల ఏం లెక్క వేసి ఆ అంకె చూపిస్తుందో నాకు తెలియదు. నాకు ప్రతి కొట్టుకూ మధ్య ఎంత సమయం పట్టిందో ఆ పచ్చి లెక్క కావాలి. పైగా మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలు. నాకు 43 ఏళ్లు, రోజంతా చెన్నై గిండీలో కుర్చీ ఉద్యోగం. తమ్ముడికి 31, షోళింగనల్లూరులో ఉంటాడు, ఈ మధ్య పరుగు పిచ్చి పట్టుకుంది. నాన్నకి 67. నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. బీపీకి మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటారు, పొద్దున్నే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో నడుస్తారు.

శనివారం రిచీ స్ట్రీట్‌కి వెళ్లొచ్చాను. మౌంట్ రోడ్డు పక్క సందుల్లో ఆ జనంలో నడవడమే సగం వ్యాయామం. తెచ్చినవి: ఈఎస్‌పీ32 బోర్డు (పెట్టెకి మెదడు ఇదే), మ్యాక్స్30102 పల్స్ సెన్సర్, చిన్న ఓఎల్ఈడీ తెర, బజర్, ఎస్‌డీ కార్డు పెట్టుకునే మాడ్యూల్, లిథియం బ్యాటరీ. ఏడీ8232 అనే ఈసీజీ బోర్డు కూడా తీసుకున్నాను. ఛాతీ మీద మూడు ఎలక్ట్రోడ్లు అంటించి గుండె విద్యుత్తునే చూపించే బోర్డది. దాంతో ఆడుకునేవాళ్లకి ఒక్క మాట: బ్యాటరీ మీదే నడపాలి. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కి కలిపి ఒంటికి వైర్లు తగిలించుకోకూడదు.

ఫిబ్రవరి మొదట్లో

వేలి సెన్సర్ మొదట ఉలుకూ పలుకూ లేదు. ఈ చవక బోర్డుల్లో కొన్నిటికి పుల్-అప్ రెసిస్టర్లు (సంకేతాల తీగని పై వోల్టేజీకి పట్టి ఉంచేవి) 1.8 వోల్టులకి కట్టి ఉంటాయి, 3.3 వోల్టుల ఈఎస్‌పీ32కి ఆ మాట వినిపించదు. ఆ రెసిస్టర్లు పీకేసి బయట వేరేవి పెట్టాక పలికింది.

దీని పని తీరు సులువే. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వేలి మీద పడతాయి. గుండె కొట్టిన ప్రతిసారీ వేలి కొసలోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, ఆ రక్తం వెలుతురును పీల్చుకుంటుంది, తిరిగొచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్లు లెక్కపెట్టుకుంటే పల్స్ వచ్చేస్తుంది. చేతి వాచీలు కూడా ఇదే పని ఆకుపచ్చ లైటుతో చేస్తాయి.

కూర్చుని చూసుకుంటే నాది 72, నాన్నది 58. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మామూలు అంటారు. నాన్నది కాస్త తక్కువగా ఉండటానికి కారణం మాత్ర. బాగా సాధన చేసే క్రీడాకారులకి 40ల్లో ఉండటమూ ఉంది. తక్కువ ఉండి కళ్లు తిరగడం, నీరసం లాంటివి ఉంటే అది వేరే సంగతి.

ఆ తర్వాత సెన్సర్ వేలికి కట్టుకుని గుంజీలు తీశాను. గ్రాఫు కాస్తా పిచ్చి గీతలైపోయింది. వేలు కదిలితే లోపల రక్తమూ కదులుతుంది, బయటి వెలుతురు దూరుతుంది. కూర్చున్నవాళ్ల పల్స్ చూడటానికి బాగుంది గానీ నా పనికి రాదు. పక్కన పెట్టేశాను.

ఫిబ్రవరి చివర

ఛాతీకి కట్టుకునే బెల్టు కొన్నాను. ఇది వెలుతురుతో కాదు, ఈసీజీ లాగే విద్యుత్తుతో చూస్తుంది. బ్లూటూత్ ప్రమాణంలోనే గుండె వేగానికి ఒక సర్వీసు ఉంది కాబట్టి ఏ కంపెనీ బెల్టయినా దాదాపు ఒకే భాష మాట్లాడుతుంది. బెల్టు పంపే సందేశంలో మొదటి బైటు చూస్తే వెనకాల ఏమేం వస్తున్నాయో తెలుస్తుంది. మా బెల్టు నిమిషానికి ఎన్ని అన్న అంకెతో పాటు రెండు కొట్టుల మధ్య వ్యవధిని కూడా పంపుతుంది, సెకనులో 1024వ వంతు లెక్కన. నాకు కావలసిన పచ్చి సరుకు అదే.

బెల్టు మొదటి నిమిషాల్లో వింత అంకెలు చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ఎలక్ట్రోడ్లు పొడిగా ఉంటే, పైన సింథటిక్ చొక్కా రుద్దుకుంటూ ఉంటే అలాగే అవుతుంది. కట్టుకునే ముందు నీళ్లతో తడపాలి. ఈ ఊళ్లో కాసేపు ఆగితే చెమటే ఆ పని చేసి పెడుతుంది.

ఇంతలో తమ్ముడి ఫోన్. "అక్కా, మెల్లగా పరిగెత్తినా 172 వస్తోంది. ఆగిన వెంటనే పడిపోతోంది. నాకేమన్నా అయ్యిందా?"

బీసెంట్ నగర్ బీచ్ దగ్గర ఆదివారం పొద్దున కలిశాం. వాడికి బెల్టు కట్టి, చేతికి వాడి వాచీ ఉంచి పరిగెత్తించాను. వాచీ 172 అంటోంది, బెల్టు 146 అంటోంది. పక్కన నిలబడి వాడి అడుగులు లెక్కపెడితే నిమిషానికి సరిగ్గా అటూ ఇటూ 172. వాచీ సెన్సర్ గుండె తాళాన్ని వదిలేసి అడుగుల తాళాన్ని పట్టుకుంది. పరుగులో అడుగులు నిమిషానికి 160 నుంచి 180 దాకా పడతాయి, గుండె వేగమూ ఆ చుట్టుపక్కలే ఉండటంతో యంత్రం బోల్తా పడుతుంది. వాచీ వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ. మణికట్టు ఎముకకి కాస్త పైన, బిగువుగా కట్టుకుంటే చాలావరకు తగ్గింది.

అంకె మీద అనుమానం వస్తే పాత పద్ధతే మేలు. ఆగి, రెండు వేళ్లు మెడకి ఒక పక్కన, గొంతు గొట్టం పక్క గాడిలో మెల్లగా ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. గట్టిగా నొక్కకూడదు, రెండు పక్కలా ఒకేసారి అసలు పట్టుకోకూడదు. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఆలస్యమైతే వేగం దిగిపోతుంది.

మార్చి

బజర్ ఎక్కడ మోగాలి? ఈ ప్రశ్న దగ్గర ప్రాజెక్టు నెలంతా ఆగింది.

అందరికీ తెలిసిన సూత్రం 220లోంచి వయసు తీసేయడం. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం అదని జిమ్ములో గోడల మీద కూడా అంటించి ఉంటుంది. నిజానికి ఇది 1970 ప్రాంతంలో శామ్యూల్ ఫాక్స్, విలియం హాస్కెల్ అనే అమెరికా పరిశోధకులు అప్పటికే ఉన్న కొన్ని అధ్యయనాల అంకెలను కలిపి చూసి, ఉజ్జాయింపుగా గీసిన గీత. దీనికోసం విడిగా ప్రయోగమేమీ జరగలేదు. 2001లో తనకా, ఆయన సహచరులు చాలా ఎక్కువ సమాచారంతో 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయమన్నారు. ఆడవాళ్ల మీదే చేసిన అధ్యయనంతో 2010లో మార్తా గులాటి బృందం 206లోంచి వయసుకి 0.88 రెట్లు తీసేయమంది.

నాకు వేసి చూశాను. మొదటి లెక్కకి 177, రెండో దానికి 178, మూడో దానికి 168. నలభై ఏళ్ల దగ్గర మొదటి రెండు సూత్రాలూ సరిగ్గా కలుస్తాయి, రెండిట్లోనూ 180 వస్తుంది. వయసు పెరిగేకొద్దీ విడిపోతాయి. నాన్నకి ఒక దాని ప్రకారం 153, ఇంకో దాని ప్రకారం 161. ఇవన్నీ సగటులు. ఒకే వయసున్న ఇద్దరు ఆరోగ్యవంతుల మధ్య పది పన్నెండు కొట్టుల తేడా చాలా మామూలు, ఇరవై ఉన్నా వింత కాదు. కాబట్టి 177 దాటగానే ప్రమాదం అని బజర్ మోగిస్తే అది జాతకం చూసి భయపెట్టినట్టే.

గరిష్ఠాన్ని అలా ఉంచి, మధ్య మెట్లు చూద్దాం. గరిష్ఠంలో 64 నుంచి 76 శాతం దాకా ఓ మాదిరి వ్యాయామం, 77 నుంచి 93 దాకా గట్టి వ్యాయామం అని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క. నాకు ఓ మాదిరి అంటే 113 నుంచి 135. 1957లో ఫిన్లాండ్‌లో మార్టి కార్వోనెన్ ఇంకాస్త బాగా ఆలోచించాడు: విశ్రాంతి వేగం కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే 50 దగ్గర మొదలయ్యేవాడికీ 80 దగ్గర మొదలయ్యేవాడికీ 120 ఒకటి కాదు. గరిష్ఠంలోంచి విశ్రాంతి వేగం తీసేసి, మిగిలిన దానిలో కావలసిన శాతం తీసుకుని, మళ్లీ విశ్రాంతి వేగం కలపాలి. కోడులో ఒక్క లైను. నాకు సగం శ్రమ అంటే 124 చిల్లర వచ్చింది, నా ఒంటికి అది సరిపోయింది.

నాన్న దగ్గరకొచ్చేసరికి ఏ సూత్రమూ పనికిరాలేదు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అడ్రినలిన్ చెప్పే మాట గుండెకి పూర్తిగా చేరనివ్వవు. విశ్రాంతి వేగం తగ్గుతుంది, ఎంత శ్రమ పడ్డా ఎక్కే ఎత్తూ తగ్గుతుంది. ఆయన వయసుకి ఓ మాదిరి అంటే 98 నుంచి 116 అని పట్టిక చెబుతుంది. పార్కులో 105 చూపిస్తున్నప్పుడు ఆయన నాతో మాట్లాడటానికి రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నారు. పట్టికకి అది సుఖమైన నడక, ఆయన ఒంటికి గట్టి పని. ఇంకో ప్రమాదం ఏమిటంటే, "నాకు 120 రావట్లేదే" అని కొందరు మాత్ర మానేస్తారు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే గుండె ఒక్కసారిగా ఎదురుతిరుగుతుంది. డాక్టర్ని అడక్కుండా ఆ పని చేయకూడదు.

అందుకని నాన్న పేజీలోంచి శాతాలు తీసేసి మాటల పరీక్ష పెట్టాను. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే ఓ మాదిరి. రెండు మూడు మాటలకే ఆగాల్సి వస్తే గట్టి శ్రమ. స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ ఇలాంటి పనికే 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద తయారు చేశాడు. శ్రమ ఎంత అనిపిస్తోందో ఒక అంకె చెప్పాలి, దాన్ని పదితో హెచ్చిస్తే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లలో సుమారుగా గుండె వేగం వస్తుంది. నాన్న 14 అన్నారు. పెట్టె 105 అంది. మాత్ర మధ్యలో ఉందని ఆ రెండంకెల తేడాలోనే కనిపిస్తోంది.

మార్చి చివర

వ్యాయామం ఆపాక గుండె వేగం ఎంత దిగిందో కొలిచి చూపించే తెర రాశాను. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

గుండెని ఎవరూ కదపకుండా వదిలేస్తే దాని సొంత వేగం సుమారు నూరు. విశ్రాంతిలో వేగస్ అనే నరం కళ్లెం పట్టి దాన్ని డెబ్భైకి లాగి ఉంచుతుంది. నడక మొదలెట్టగానే ముందు ఆ కళ్లెం వదులవుతుంది, అందుకే మొదటి కొన్ని సెకన్లలోనే అంకె గబగబా ఎక్కుతుంది. ఆ తర్వాతి ఎత్తు అడ్రినలిన్‌ది. ఆపగానే కళ్లెం మళ్లీ బిగుస్తుంది. మొదటి నిమిషంలో ఎంత దిగింది అన్నది ఆ నరం ఎంత చురుగ్గా ఉందో చెబుతుంది.

1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాక మొదటి నిమిషంలో 12 కొట్టులు గానీ అంతకన్నా తక్కువ గానీ దిగినవాళ్లలో తర్వాతి ఆరేళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ పరీక్షలో వాళ్లు ఆపాక మెల్లగా నడుస్తూ ఉన్నారు. పడుకున్నా కూర్చున్నా అంకెలు మారతాయి. కాబట్టి పెట్టెలో ఒకే పద్ధతి పెట్టాను: బటన్ నొక్కాక ఒక నిమిషం మెల్లగా నడవాలి, పెట్టె తేడా చూపిస్తుంది. తమ్ముడికి 38 దిగింది. నాకు 22. ఒక్కరోజు తక్కువ వచ్చిందని బెంగపడేది కాదిది, వారాల తరబడి చూసుకోవలసింది.

మెల్లగా నడిచి ఆపడానికి ఇంకో కారణం ఉంది. గట్టిగా పరిగెత్తి ఠక్కున నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి, తలకి తగ్గి, కళ్లు బైర్లు కమ్ముతాయి. జిమ్ముల్లో ట్రెడ్‌మిల్ దిగగానే తూలేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

ఏప్రిల్ చివర, మే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక్కడ ఎండ కన్నా ఉక్క పెద్ద శత్రువు. జనవరిలో ఏ వేగంతో నడిస్తే 118 వచ్చిందో, అదే వేగానికి మేలో పొద్దున్న ఆరున్నరకే 131. పైగా నడక సాగేకొద్దీ అంకె పాకుతూనే ఉంది. వేగం పెంచలేదు, మెట్లెక్కలేదు.

దీనికి కారణం గుండెలో లేదు, చర్మంలో ఉంది. ఒళ్లు చల్లబడాలంటే వేడి రక్తం చర్మం దాకా రావాలి, చెమట ఆరాలి. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారిపోతుంది. అంటే చల్లదనం రాదు గానీ నీళ్లు మాత్రం పోతాయి. రక్తంలో నీరు తగ్గి, ఉన్నది చర్మం వైపు మళ్లితే, గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది, ఒక్కో కొట్టుకి పంపేదీ తగ్గుతుంది. నిమిషానికి పంపాల్సిన మొత్తం మారదు కాబట్టి గుండె కొట్టుల సంఖ్య పెంచి సర్దుకుంటుంది. ఏదో జబ్బు వచ్చిందని దీన్ని చూసి హడలిపోనక్కర్లేదు, అలాగని జనవరి వేగాన్నే పట్టుకుని వేలాడాల్సిన పనీ లేదు. అంకె అలాగే ఉంచి నడక తగ్గించుకోవాలి. తలనొప్పి, వికారం, తడబాటు మొదలైతే వ్యాయామం అక్కడితో సరి: నీడ, నీళ్లు, తడి గుడ్డ. మాట తేడాగా వస్తున్నా, మనిషి తికమక పడుతున్నా వడదెబ్బ ముదిరిందని అర్థం, ఆసుపత్రికి పోవాల్సిందే.

నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా ఇలాగే పెరుగుతుంది. తమ్ముడు వైరల్ జ్వరం తగ్గిన మర్నాడే పరుగుకి బయల్దేరాడు. పొద్దున లేవగానే చూసుకున్న పల్స్ వాడి మామూలు కన్నా పదిహేను ఎక్కువుంది. వెళ్లొద్దన్నాను. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఆ సమయంలో గట్టి శ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. విశ్రాంతి వేగం మామూలుకి దిగేదాకా పడుకోమన్నాను. "నీ పెట్టె నాకు అత్తగారయింది" అన్నాడు.

జూన్

బుధవారం పార్కులో ఒక రౌండు పూర్తి కాకుండానే నాన్న బెంచీ మీద కూర్చున్నారు. ఏంటి నాన్నా అంటే, "ఏం లేదులే అమ్మాయ్, ఇక్కడ కాస్త బరువుగా ఉంది. గ్యాస్. నిన్న కూడా ఇక్కడికొచ్చేసరికే పట్టింది, కూర్చుంటే పోయింది" అని ఛాతీ మధ్యలో అరచెయ్యి ఆనించి చూపించారు. నిన్న నేను రాలేదు. ఇంటికెళ్లి కాస్త అమృతాంజనం రాసుకుంటే సరిపోతుందన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరున్న పార్కులో కూర్చుని ఆయన తయారు చేసిన మందునే నమ్ముకోవడం న్యాయమే గానీ, నాకు నవ్వు రాలేదు.

పెట్టె చూశాను. 104. కొట్టుకీ కొట్టుకీ మధ్య వ్యవధి సమానంగా ఉంది, ఎక్కడా తప్పలేదు. కూర్చున్నాక 84కి దిగింది, దిగడమూ బాగానే ఉంది. బజర్ మోగలేదు, మోగడానికి కారణమూ లేదు. యంత్రం లెక్కలో అది చక్కటి నడక.

నన్ను భయపెట్టినవి మూడు. శ్రమ పడితే వస్తోంది, ఆగితే పోతోంది, రెండు రోజులూ దాదాపు అదే దూరానికి వచ్చింది. పైగా ఇదంతా కొత్త. గ్యాస్‌కి నడక దూరంతో పనిలేదు. గుండె కండరానికి రక్తం తెచ్చే గొట్టం సన్నబడితే, విశ్రాంతిలో సరిపోయే రక్తం శ్రమలో చాలదు. ఆ ఆకలే బరువుగా, నొక్కినట్టుగా, మంటగా అనిపిస్తుంది. దీన్నే యాంజైనా అంటారు. కొందరికి ఛాతీలో ఏమీ ఉండదు. దవడ, ఎడమ చెయ్యి, వీపు లాగుతాయి. షుగరున్నవాళ్లకీ, వయసు మళ్లినవాళ్లకీ, ఆడవాళ్లకీ ఒక్కోసారి ఉత్త ఆయాసం, నిస్సత్తువగానే వస్తుంది.

ఇంటికి నడిపించలేదు. ఆటో పిలిచి నేరుగా ఆసుపత్రికి. బెంచీ మీద కూర్చున్నా నొప్పి తగ్గకుండా ఉంటే, చెమటలు పడితే, ఆటో కోసం కూడా చూడకుండా 108కి ఫోన్ చేసేదాన్ని.

మామూలు ఈసీజీ బాగానే ఉంది. "అయితే ఇంటికి పోదామా" అన్నారు నాన్న. గుండె డాక్టరు గారు కదలనివ్వలేదు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుండటం మామూలేనని, అంతమాత్రాన గొట్టాలు బాగున్నట్టు కాదని చెప్పారు. నా ఎస్‌డీ కార్డు గ్రాఫులు చూపిస్తే మర్యాదగా చూసి పక్కన పెట్టి, నాన్ననే అడిగారు: ఎంత దూరం నడిస్తే వస్తుంది, ఎంతసేపుంటుంది, ఎక్కడికి పాకుతుంది, కూర్చుంటే ఎన్ని నిమిషాల్లో పోతుంది, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే టీఎంటీ చేస్తారేమో అనుకున్నాను. కొత్తగా, ఇంత తక్కువ శ్రమకే వస్తున్నప్పుడు ట్రెడ్‌మిల్ ఎక్కించడం మంచిది కాదని నేరుగా యాంజియోగ్రామ్ అన్నారు. ముందు వైపు దిగే పెద్ద గొట్టంలో అడ్డంకి కనిపించింది. స్టెంట్ వేశారు.

మన దక్షిణాసియా వాళ్లకి ఇది తొందరగా వస్తుందన్నది ఊరికే అనే మాట కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మనవాళ్లకి మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53, మిగతావాళ్లకి 58 దాటింది. తమ్ముడిని కొలెస్టరాల్, షుగర్ చూపించుకోమన్నాను. నేనూ చూపించుకున్నాను.

జులై

బజర్ పీకేశాను. ఆ పిన్నుకి ఎర్ర బటన్ కట్టాను. ఏదైనా తేడాగా అనిపిస్తే నొక్కాలి. పెట్టె ఆ క్షణాన్ని గుర్తుపెట్టుకుని, తెర మీద ఒక్క మాట చూపిస్తుంది: ఆగు. ఆ సమయానికి గుండె వేగం ఎంత, ఎంతసేపు నడిచాక, ఆగాక ఎంతసేపటికి తగ్గింది అన్నీ ఒక వరుసలో రాసుకుంటుంది. డాక్టరు గారు అడిగిన ప్రశ్నలే వరుసలయ్యాయి.

అంకె పూర్తిగా పనికిరాదని నేననను. కొన్ని సందర్భాల్లో అదే ముందు పట్టిస్తుంది. మెల్లగా ఎక్కాల్సిన వేగం ఒక్క అంగలో 140 నుంచి 200కి దూకి, కాసేపటికి స్విచ్చి ఆపినట్టు పడిపోతే, అది బెల్టు జారడమైనా కావాలి, గుండె విద్యుత్తు దారి తప్పడమైనా కావాలి. ఆ సమయంలో గుండె దడదడలాడినట్టు మనిషికీ తెలిస్తే రెండోదే అనుకుని చూపించుకోవాలి. వ్యవధులు ఒక పద్ధతంటూ లేకుండా చిన్నా పెద్దా కలగలిసి వస్తూనే ఉంటే కూడా అంతే. అప్పుడప్పుడూ ఒక కొట్టు తప్పడం, ఒకటి ముందుగా పడటం చాలామందికి ఉండేదే. ఏ కారణమూ లేకుండా కూర్చున్నప్పుడు కూడా నూరు దాటి రోజుల తరబడి ఉంటే రక్తహీనత, థైరాయిడ్ లాంటివి ముందు చూడాలి. ఎంత శ్రమ పడ్డా, మాత్రలేవీ లేకున్నా, వేగం పైకి ఎక్కకపోవడం కూడా డాక్టరుకి చెప్పాల్సిన సంగతే.

వీటన్నిటికన్నా ముందు, ఏ అంకె ఉన్నా లెక్కచేయకుండా ఆగాల్సినవి: ఛాతీలో బరువు, శ్రమకి మించిన ఆయాసం, చల్లటి చెమటలు. వ్యాయామం మధ్యలో స్పృహ తప్పడం అన్నిటికన్నా చెడ్డది. అయిపోయాక నిలబడి తూలడం వేరు, పరిగెడుతూ పరిగెడుతూ కూలడం వేరు. రెండోది కుర్రవాళ్లలో జరిగినా, వెంటనే లేచి "నేను బాగానే ఉన్నా" అన్నా, గుండె పరీక్షలయ్యేదాకా మళ్లీ పరిగెత్తకూడదు. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే మరీను. లేవకపోతే, ఊపిరి సరిగ్గా లేకపోతే, 108కి చెప్పి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. తమ్ముడి పరుగు గుంపులో ఇది ఎందరికి వచ్చని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదట. నేర్పేవాళ్లని పిలుస్తున్నారు.

ఆగస్టు

నాన్న మళ్లీ నడుస్తున్నారు. చదునైన దారిలో, మాట్లాడగలిగినంత వేగంతో, తిన్న వెంటనే కాకుండా. పైకి ఎంతదాకా పోవచ్చో ఈసారి డాక్టరు గారే ఆయనకంటూ ఒక అంకె రాసిచ్చారు, కోడులో 220 ఉన్న లైను తీసేసి ఆ అంకె పెట్టాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు మాత్రలూ చెప్పినన్నాళ్లూ ఆపకూడదు. ఆ గుర్తు కూడా పెట్టె తెర మీదే వస్తుంది.

తెర మీద తెలుగు పెట్టడం తలనొప్పి పని. ఈ చిన్న తెరల లైబ్రరీలకి ఒత్తులూ గుణింతాలూ కలపడం రాదు, అక్షరాలన్నీ విడివిడిగా పడతాయి. అందుకని కావలసిన మాటలని బొమ్మలుగా చేసి దాచాను. మొదట చిన్నగా చేస్తే నాన్న కళ్లద్దాలు లేకుండా చదవలేకపోయారు, ఇప్పుడు "ఆగు" తెరంతా నిండుతుంది.

బటన్ లాగ్‌లో నిన్న రెండు గుర్తులున్నాయి. గుండె గుభేలుమని అడిగితే, ఒకటి కుక్క వెంటపడినప్పుడు, ఇంకోటి పని చేస్తుందో లేదో చూడటానికి అన్నారు. రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే లెక్కలోకి తీసుకునేలా మార్చమని తమ్ముడు అంటున్నాడు. వద్దన్నాను. నొప్పి వచ్చినవాళ్లకి ఒక్క నొక్కు చాలాలి, కుక్కల గుర్తులు నేను సాయంత్రం చేత్తో చెరిపేస్తాను. మిగిలిన పని డబ్బా. వర్షాలు మొదలయ్యేలోపు నీళ్లు దూరనిది ఒకటి చూడాలి, ఈ శనివారం మళ్లీ రిచీ స్ట్రీట్.